పన్నెండు పొరలు పేర్చగానే పాట అయిపోదు

"అంతా మెషీనే వాయిస్తుంది, వీడు కాలితో నొక్కుతాడంతే" అనేవాళ్లతో నాకు పేచీ లేదు. వాళ్లెప్పుడూ లూప్ పెడల్ (కాలితో నొక్కితే వాయించిన ముక్కని రికార్డు చేసి తిప్పితిప్పి వినిపించేది, దానిమీద ఇంకో ముక్కని పొరగా వేయనిచ్చేది) ముట్టుకుని ఉండరు, వదిలేద్దాం. నా పేచీ వాయించేవాళ్లతోనే. గొంతు విప్పడానికి మూడు నిమిషాలు, ఆలోపు పన్నెండు పొరలు, చివరిదాకా అవే నాలుగు కార్డులు. జనం చప్పట్లు కొట్టేది పాటకి కాదు, పేర్చిన ఓపికకి.

2004లో స్కాట్లాండ్ గాయని కేటీ టన్‌స్టాల్ బీబీసీలో జూల్స్ హాలండ్ షోలో ఏం చేసిందో చూడండి. అకాయ్ హెడ్‌రష్ అనే ఒక లూప్ పెడల్, ఒక గిటార్, ఒక టాంబరిన్. గిటార్ డొక్క మీద దరువు, కాస్త కోరస్, ఇక పాట మొదలు. పొరలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అసలు కష్టం పొరల్లో లేదు, మొదటి లూప్ మూసే ఆ ఒక్క నొక్కులో ఉంది. 96 టెంపోలో, అంటే నిమిషానికి 96 దెబ్బల వేగంలో, నాలుగేసి దెబ్బల బార్లు నాలుగంటే సరిగ్గా 10 సెకన్లు. పెడల్ నొక్కాల్సింది పదహారో దెబ్బ మీద కాదు, తర్వాతి 'ఒకటి' మీద. సెకనులో పదో వంతు ఆలస్యమైతే చాలు, ప్రతి పది సెకన్లకీ పాట ఒకసారి కుంటుతుంది. పైన వేసే పొరలన్నీ ఆ కుంటుకే అతుక్కుంటాయి. అన్‌డూ చివరి పొరని తీసేస్తుంది గానీ లూప్ పొడవుని సరిచేయదు. అందుకే మొదటి లూప్ తేడా కొడితే మొహమాటపడకుండా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాలి. కాలు గాల్లోంచి దభీమని దించొద్దు, ముందే పెడల్ మీద ఆనించి అక్కణ్ణుంచి నొక్కాలి. మందం అట్ట చెప్పులతో ఇది కుదరదు.

ఇంకోటి. వాయించడం, రికార్డు నొక్కడం ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక ఆవృత్తం ఊరికే వాయించి రెండోదాన్ని పట్టుకోండి. అప్పుడు మొదటి ఆవృత్తం చివరి కార్డు మోత రెండోదాని ఆరంభంలోకి జారుతుంది, అతుకు వినపడదు. లేదంటే లూప్ తిరిగిన ప్రతిసారీ ఆ చోట కత్తెరతో కోసినట్టుంటుంది.

కర్ణాటక సంగీతం వాయించేవాళ్లకి ఇది ఇంకా సులువుగా ఎక్కాలి, తాళం ముందే ఒంట్లో ఉంది కాబట్టి. ఎనిమిది దెబ్బల ఆదితాళం రెండు ఆవర్తాలు, అదే 96లో, మళ్లీ పది సెకన్లే. పల్లవి అరక్షరం దాటి ఎత్తుకునేదైనా సరే, పెడల్ మాత్రం సమం మీదే, అంటే తాళం మొదటి దెబ్బ మీదే. శ్రుతినీ తాళాన్నీ లూప్‌లో పెట్టండి, గమకాన్ని పెట్టకండి. ఒక గమకం మీద ఇంకో గమకం పడితే రెండూ శ్రుతి తప్పినట్టే వినిపిస్తాయి.

ఇక దొరికిన వస్తువుతో వాయించడం. ఇందులో దండిగా సరదా ఉంది, దండిగా తప్పులూ జరుగుతాయి. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట 27 మిల్లీమీటర్ల పియెజో డిస్క్ (అదురుని కరెంటు సిగ్నల్‌గా మార్చే బిళ్ల) చాయ్ డబ్బులకి దొరుకుతుంది. దాన్ని స్టీలు బియ్యం డబ్బా అడుగున డబుల్ టేప్‌తో గట్టిగా అంటించి తడితే కిక్ డ్రమ్ లాంటిది రావాలి. చాలామందికి రాదు, రేకు చప్పుడే వస్తుంది. తప్పు డబ్బాది కాదు. ఆ డిస్క్ కెపాసిటెన్స్ సుమారు 20 నానోఫారడ్లు. దాన్ని 10 కిలోఓముల నిరోధం ఉన్న లైన్ ఇన్‌పుట్‌కి గుచ్చితే 800 హెర్ట్‌జ్ కింద ఉన్నదంతా, అంటే బేస్ అంతా, పల్చబడిపోతుంది. అదే ఒక మెగాఓము ఉన్న గిటార్ ఇన్‌పుట్‌లో పెడితే ఆ హద్దు 8 హెర్ట్‌జ్‌కి దిగుతుంది, బేస్ మొత్తం మీదే. హమ్ వస్తే షీల్డ్ వైరు వాడండి, డిస్క్‌ని రాగి టేపుతో కప్పి ఆ టేపుని గ్రౌండ్‌కి కలపండి. అతుకు దగ్గర వైరు ఊడకుండా హాట్ గ్లూ చుక్క పెట్టండి, స్టేజీ మీద మొదట తెగేది అదే.

చిడతలు, గజ్జెలు, గ్లాసు, తాళాల గుత్తి లాంటివాటికి మైకు కావాలి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. స్పీకర్లోంచి వచ్చే పాత లూప్‌ని కూడా ఆ మైకు పట్టుకుంటుంది, కొత్త పొరలో దాన్నీ కలిపేస్తుంది. నాలుగు పొరలయ్యేసరికి అంతా బురద. మానిటర్ (స్టేజీ మీద మీకు వినిపించే స్పీకర్) తగ్గించి ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ మైకైతే స్పీకర్ సరిగ్గా దాని వీపు వెనక ఉండాలి. ఇంకా ఇరుకుగా పట్టే సూపర్‌కార్డియాయిడ్ అయితే నేరుగా వెనక కాదు, కాస్త పక్కకి. పొర పడగానే మైకు మ్యూట్.

లెవెల్ సంగతీ చూసుకోండి. ఒకే మోతాదు పొరలు నాలుగు కలిస్తే 6 డెసిబెల్స్, ఎనిమిది కలిస్తే 9 పెరుగుతాయి. కాబట్టి మొదటి పొరని తక్కువలో పెట్టాలి. గొంతు పొరలకి 100 హెర్ట్‌జ్ కింద కోసేయాలి.

గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్, సంగీతకారుడు బ్రయన్ ఈనో రెండు రెవాక్స్ టేప్ మెషీన్లతో 70లలో చేసిన లూపుల్లో పాత పొర దానంతటదే మాసిపోయేది. ఇప్పటి పెడల్లో మాయదు, అందుకే కుప్ప. కొన్నింటిలో ఫీడ్‌బ్యాక్, అంటే పాత పొర ప్రతి చుట్టుకీ ఎంత మిగలాలన్నది, తగ్గించుకోవచ్చు. 90 శాతం పెడితే ఏడో చుట్టుకి పాత పొర సగానికి పడిపోతుంది. ఆ సౌకర్యం ఉండి కూడా వాడనివాళ్లని ఏమనాలి! లేదా ఆర్‌సీ-505 లాంటి ఐదు ట్రాకుల మెషీన్ ఉంటే చరణంలో సగం ట్రాకులు ఆపేయండి, పల్లవికి తిరిగి తెరవండి. ఒకే ట్రాకు పెడల్లో ఆ వీలు లేదు కాబట్టి దాంట్లో మూడు పొరలు దాటొద్దు, మిగతాది చేత్తోనే వాయించండి.

ముగింపుకి విడిగా స్టాప్ ఫుట్‌స్విచ్ కొనండి. ఒక్క బటన్ పెడల్లో ఆపాలంటే రెండుసార్లు నొక్కాలి. మొదటి నొక్కుకి అది ఓవర్‌డబ్‌లోకి, అంటే కొత్త పొర రికార్డు చేసే స్థితిలోకి, వెళ్తుంది. ఆ అరసెకనులో తీగ మీద జారిన చెయ్యి చప్పుడు కూడా లూప్‌లోకి ఎక్కేస్తుంది.