ఏ సర్జరీయో చెప్పకుండా నెలలు చెప్తే ఎలా?
మోకాలి కార్టిలేజ్ (ఎముకల చివర్లను కప్పే నున్నటి పొర) మీద రాసిన వ్యాసంలో "కార్టిలేజ్ సర్జరీ అయిన ఆరు నెలలకు షటిల్ ఆడొచ్చు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఊడిన ముక్కను తీసేసి అంచులు నున్నగా చేయించుకున్నవాళ్లు రెండు మూడు నెలల్లోనే కోర్టు ఎక్కొచ్చు. మైక్రోఫ్రాక్చర్ అయితే మామూలుగా 6 నుంచి 9 నెలలు. సొంత కణాలను ల్యాబ్‌లో పెంచి అతికించే పద్ధతికి ఏడాది, ఒక్కోసారి 18 నెలలు.

మైక్రోఫ్రాక్చర్‌లో ఎముకకు పెట్టిన చిల్లుల్లోంచి వచ్చిన రక్తం గడ్డకట్టి, దాంట్లోంచే కొత్త పొర పెరగాలి. బరువు మోసే చోటైతే మొదటి 6 వారాలు చంక కర్రలు అందుకే. తొందరపడి గెంతితే ఆ పొర నలిగిపోతుంది. నొప్పి లేదు కదా అనుకోకండి, కార్టిలేజ్‌లో నరాలే ఉండవు. సంగతి చెప్పేది వాపు.

చూసుకోవడం తేలికే. కాలు చాపి, మోకాలి లోపలి పక్కన కింది నుంచి పైకి రెండు మూడుసార్లు నిమరండి. తర్వాత బయటి పక్కన పై నుంచి కిందికి. లోపలి గుంటలోకి నీరు మళ్లీ ఉబికితే ఆ వారం ఆట పెంచొద్దు.

ఒంటికాలి గెంతు దూరం రెండో కాలితో పోలిస్తే 90 శాతం దాటిందని మురిసిపోతారు గానీ, తుంటి, చీలమండ కలిసి తొడ బలహీనతను కప్పేస్తాయి. ముందుతొడ బలం విడిగా కొలిపించండి, అదీ రెండో కాలితో పోల్చి 90 శాతం ఉండాలి. షటిల్‌లో నెట్ దగ్గరి లంజ్ (ఒక కాలు ముందుకు చాచి మోకాలు వంచడం), జంప్ స్మాష్ అన్నిటికంటే చివర్లో మొదలుపెట్టండి. సిమెంటు కోర్టు అసలే వద్దు.