ఇల్లు ఓనరుదే, మరి లోపలి బీరువా?

అద్దె బాకీ పడిన కుటుంబం ఊరెళ్లి వచ్చేసరికి తలుపుకు కొత్త తాళం కనిపిస్తుంది. లోపల బీరువా, గ్యాస్ సిలిండర్, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు ఉంటాయి. డబ్బు తెచ్చి సామాను పట్టుకుపొమ్మంటాడు ఓనరు. హైదరాబాద్ బస్తీల్లోనూ, విజయవాడ సందుల్లోనూ ఈ మాట కొత్తేమీ కాదు. చాలాసార్లు అద్దెకున్నవాళ్లు కూడా అది ఓనరు హక్కే అనుకుంటారు. బాకీ ఉన్న మాట నిజమే కదా అని నోరెత్తరు.

అలాంటి హక్కు మన చట్టంలో లేదు. బాకీ తీరేదాకా అవతలివాడి వస్తువు ఎవరు పట్టుకోవచ్చో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170, 171 సెక్షన్లు చెబుతాయి. బండి బాగుచేసిన మెకానిక్ తన కూలి ముట్టేదాకా దాన్ని ఉంచుకోవచ్చు. బ్యాంకర్లు, సరుకు అమ్మిపెట్టే ఏజెంట్లు, రేవు దగ్గర సరుకు దాచేవాళ్లు, హైకోర్టు అటార్నీలు, పాలసీ బ్రోకర్లు కూడా పట్టుకోవచ్చు. ఆ జాబితాలో ఇంటి ఓనరు లేడు. జాబితాలో లేనివాళ్లకు ఒప్పందంలో స్పష్టంగా రాసుకుంటేనే ఆ హక్కు వస్తుంది. కొన్ని పదకొండు నెలల అగ్రిమెంట్లలో అలాంటి వాక్యం ఇరికిస్తారు కూడా. కానీ ఈ సెక్షన్లు మాట్లాడేది ఒకరు మరొకరికి అప్పగించిన వస్తువుల గురించి. మనం లేనప్పుడు తాళం మార్చి దక్కించుకున్న సామాను అప్పగించినట్టు ఎలా అవుతుంది?

అద్దె కోసం సామాను జప్తు చేసుకునే పద్ధతి ఇంగ్లండ్‌లో ఒకప్పుడు ఉండేది. దాని నీడ మన దగ్గరా పడింది. కలకత్తా, మద్రాసు, బొంబాయిల కోసం చేసిన 1882 నాటి ప్రెసిడెన్సీ స్మాల్ కాజ్ కోర్టుల చట్టంలో దానికో అధ్యాయమే ఉంది. అయితే అక్కడ కూడా ఓనరు తనంతట తాను తలుపు తెరవడానికి వీల్లేదు. కోర్టు వారంట్ తెచ్చుకోవాల్సిందే. పుట్టిన దేశంలోనే నివాస గృహాల విషయంలో ఆ పద్ధతి 2014 ఏప్రిల్‌లో రద్దయింది. మన వీధుల్లో మాత్రం వారంట్ లేకుండానే నడుస్తోంది.

ఇంకో సంగతి చూడండి. కోర్టు స్వయంగా అప్పు వసూలు చేసేటప్పుడు కూడా కొన్ని వస్తువుల జోలికి వెళ్లదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం బాకీదారుడి కుటుంబానికి అవసరమైన బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు జప్తు చేయకూడదు. మత ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి మీది నుంచి తీయకూడని నగలూ, చేతివృత్తి వాళ్ల పనిముట్లూ అంతే. జడ్జి ముట్టుకోలేని గిన్నెలను ఓనరు మూడు నెలల అద్దె కోసం గదిలో పెట్టి తాళం వేస్తున్నాడు. ఇది క్రిమినల్ కేసు దాకా వెళ్లగల పని. బాకీ రాబట్టడానికి బాకీదారుడి వస్తువులను అతని ఇష్టానికి వ్యతిరేకంగా పట్టుకుపోవడం దొంగతనమే అవుతుందని కలకత్తా హైకోర్టు 1895లోనే చెప్పింది. అసలు కోర్టుకు వెళ్లకుండా ఇంట్లోంచి గెంటేస్తే, ఆరు నెలల లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద దావా వేసి ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. రోజు కూలి మీద బతికే మనిషి ఆ దావా వేస్తాడా అంటే, వేయడు. స్టేషన్‌కు వెళితే ఇది సివిల్ మేటర్ అని పంపేస్తారు.

ఇదంతా దౌర్జన్యంగా ఖాళీ చేయించినప్పటి కథ. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది రెండోది, పద్ధతి ప్రకారం కోర్టు డిక్రీతో, అంటే తీర్పు ఉత్తర్వుతో, ఖాళీ చేయించడం. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పేరుకు ఉంది. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించదు. ఇవాళ హైదరాబాద్‌లో ఆ అద్దెకు ఒక్క గది కూడా కష్టమే. కాబట్టి ఎక్కువ కేసులు మామూలు సివిల్ కోర్టుకే వెళతాయి. ఏళ్ల తరబడి నడిచి డిక్రీ వస్తుంది, దాన్ని అమలు చేయమని ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేస్తారు, చివరికి ఒకరోజు పొద్దున్నే ఆ ఉత్తర్వు అమలు చేసే కోర్టు ఉద్యోగి, అమీనా, వస్తాడు.

అమీనాకు దారి చూపేది సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 21వ ఆర్డర్, 35వ రూల్. ఖాళీ చేయనని మొరాయించేవాళ్లను తొలగించవచ్చు, ముందుగా హెచ్చరించి తాళం పగలగొట్టవచ్చు, తలుపు బద్దలు కొట్టవచ్చు అంటుంది. ఘోషా పాటించే స్త్రీలు పక్కకు తప్పుకునే వీలు కల్పించాలనీ చెబుతుంది. వందేళ్లు దాటిన మర్యాద అందులో అలాగే ఉంది. మనుషుల గురించి ఇంత వివరంగా చెప్పిన ఆ రూల్ మూలపాఠంలో, ఇంట్లో ఉన్న సామాను ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు లేదు. అందుకే సాధారణంగా జరిగేదేమిటంటే, డిక్రీ గెలిచినాయన తెచ్చిన కూలీలు ఒక్కొక్కటిగా మోసుకొచ్చి రోడ్డు మీద పెడతారు. అమీనా స్వాధీనం ఇప్పించినట్టు రాసుకుని వెళ్లిపోతాడు. సోఫా వానకు తడుస్తుంది. ఫ్రిజ్ దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి. ట్రాలీ ఆటో వచ్చేలోపు పోయినవి పోతాయి. ఆ సామాను ఇంకా అద్దెకున్నవాళ్లదే, కానీ దానికి జవాబుదారీ ఎవరూ లేరు.

చిన్న వ్యాపారులకు మరో ముల్లు ఉంది. ఆస్తి బదిలీ చట్టం 108(హెచ్) ప్రకారం అద్దెకున్నవాళ్లు తాము బిగించినవి, కట్టుకున్నవి విప్పి తీసుకుపోవచ్చు, అదీ స్థలం తమ చేతిలో ఉన్నంతవరకే. ఆ తర్వాత కుదరదు. టిఫిన్ సెంటర్ నడిపేవాడు సొంత ఖర్చుతో వేసుకున్న రేకుల షెడ్డు, అమీనా వచ్చిన మర్నాడు అడిగితే దక్కకపోవచ్చు.

ఓనర్ల బాధ కూడా కొట్టిపారేసేది కాదు. ఆరు నెలల అద్దె ఎగ్గొట్టి, గదికి తాళం వేసి, ఫోన్ స్విచాఫ్ చేసి మాయమయ్యేవాళ్లూ ఉన్నారు. తాళం తీస్తే రేపొచ్చి లోపల నాలుగు తులాల బంగారం ఉండేదంటారేమోనని టెన్షన్. తీయకపోతే అద్దె పోతుంది. ఈ భయానికి కూడా రూల్ లేకపోవడమే మూలం. మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉండే కాలిఫోర్నియాలో చట్టం దీన్ని రోజుల లెక్కన తేల్చేసింది. వదిలేసిన సామాను వివరాలతో నోటీసు చేతికిస్తే కనీసం 15 రోజులు, పోస్టులో పంపితే 18 రోజులు గడువివ్వాలి. తర్వాత దాని విలువ 700 డాలర్ల లోపైతే ఓనరు ఉంచుకోవచ్చు, పారేయవచ్చు. అంతకంటే ఎక్కువైతే బహిరంగ వేలం వేయాలి. 700 అన్న గీత పేదలకు అన్యాయమే, పేదవాడి ఇల్లంతా కలిపినా అంత రాకపోవచ్చు. అయినా ఏ రోజు ఏం చేయాలో ఇద్దరికీ తెలుసు.

ప్రభుత్వమే ఖాళీ చేయిస్తే? 2024 సెప్టెంబర్ 22న కూకట్‌పల్లి నల్లచెరువు దగ్గర చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా షెడ్లు కూల్చినప్పుడు, వాటిని అద్దెకు తీసుకుని కేటరింగ్ చేసుకుంటున్నవాళ్లు సామాను తీసుకునే టైమ్ కూడా ఇవ్వలేదని ఏడ్చారు. ఆక్రమణ ఎవరిదైనా, గిన్నెలూ పొయ్యిలూ వాళ్లవి. ఆ నవంబర్ 13న సుప్రీంకోర్టు కూల్చివేతలకు 15 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి చేసింది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నీటివనరుల మీది అక్రమ నిర్మాణాలకు ఆ తీర్పు వర్తించదని కూడా చెప్పింది. అంటే చెరువు ఒడ్డున అద్దెకున్నవాడికి ఆ 15 రోజుల భరోసా లేనట్టే.

కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. ఈపీ దశలోనే అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే కోర్టు తరఫున వెళ్లి చూసొచ్చే లాయరును, వేసి, సామాను జాబితా రాయించి, వీడియో తీయించి, ఫలానా చోట ఇన్ని రోజులు భద్రపరచాలని ఆదేశించే అధికారం కోర్టులకు ఇప్పటికే ఉంది. అడిగేవాళ్లు తక్కువ. గోదాము ఖర్చును ముందు డిక్రీదారుడు పెట్టుకుని, తర్వాత బాకీలో కలిపి వసూలు చేసుకోవచ్చు. సర్టిఫికెట్లు, మందులు, ఆధార్, రేషన్ కార్డులు, పిల్లల పుస్తకాలు మాత్రం గోదాముకు పంపకుండా అప్పటికప్పుడు చేతికివ్వాలి. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకునేటప్పుడు కూడా సున్నాలకు, పెయింట్‌కు ఒక పేరా కేటాయిస్తున్నాం. మనిషి కనిపించకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్నాళ్లు ఆగాలి, తాళం ఎవరి ఎదుట తీయాలి అన్న మూడు ముక్కలకు మరో పేరా చాలు.