ఖాళీ కడుపుతో నూరు శాతమా?

పదో తరగతి పరీక్షల కాలం వచ్చిందంటే చాలు, ‘నూరు శాతం’ జపం మొదలవుతుంది. వంద రోజుల ప్రణాళికలు, ఉదయం ప్రత్యేక తరగతులు, సాయంత్రం స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు, ఏ బడిలో ఎందరు తప్పేలా ఉన్నారో ముందస్తు జాబితాలు. సమీక్షల్లో హెడ్మాస్టర్లను నిలబెట్టి అడిగేవన్నీ మార్కుల గురించే. పిల్లలు పొద్దున ఏం తిని వచ్చారని ఎవరూ అడగరు. మాకు కోపం తెప్పిస్తున్నది ఇదే.

ఈ తరగతులు జరిగే నెలలు చూడండి. జనవరి నుంచి మార్చి దాకా ఖమ్మం, గుంటూరు పల్లెల్లో మిరప కోతలు. తెల్లారకముందే కూలీల ఆటో వచ్చి ఆగుతుంది. తల్లి సద్ది కట్టుకుని వెళ్లిపోతుంది. కూతురు లేచేసరికి గిన్నెలో ఉండేది రాత్రి మిగిలిన అన్నం, అది తమ్ముడికే చాలదు. ఓ గ్లాసు టీ, రెండు బిస్కెట్లతో ఆ పిల్ల బడికి పరుగెడుతుంది. బోర్డు మీద త్రికోణమితి లెక్క నడుస్తుంటుంది. కళ్ల ముందు అక్షరాలు అలుక్కుపోతుంటాయి. మధ్యాహ్న భోజనం గంటకు ఇంకా మూడు నాలుగు గంటలు ఆగాలి. ఆ పిల్ల పేరు ‘సి’ గ్రూపులోకి వెళుతుంది. వెనుకబడిన విద్యార్థి అని రాస్తారు, ఆకలితో ఉన్న విద్యార్థి అని రాయరు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే తల తిరుగుతుంది, త్వరగా అలసట వస్తుంది, చదువు మీద మనసు నిలవదు. దానికి బడిలో వారానికో నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తున్నారు. తిన్నాక వేసుకోవాల్సిన మాత్ర అది. ఖాళీ కడుపుతో మింగితే వికారం పుడుతుంది, మరుసటి వారం ఆ పిల్ల దాన్ని కిటికీలోంచి పారేస్తుంది. ఇక మరుగుదొడ్డి బాగాలేని బడిలో ఆడపిల్లలు సాయంత్రం దాకా నీళ్లే తాగరు. తలనొప్పి అంటే మాత్రం చదువు ఎగ్గొట్టడానికి సాకు అంటారు.

ఇవేవీ ప్రభుత్వాలకు తెలియనివి కావు. పౌష్టికమైన అల్పాహారం తర్వాత ఉదయం వేళ కష్టమైన పాఠాలకు అనువైనదని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. మరుసటి ఏడాదే మధ్యాహ్న భోజనాన్ని పీఎం పోషణ్‌గా మార్చారు, అందులో అల్పాహారానికి చోటు ఇవ్వలేదు. ఆ పథకం కూడా ఎనిమిదో తరగతితోనే ఆగుతుంది. అంటే పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల అన్నానికి కేంద్రం లెక్కలో చోటే లేదు. తెలంగాణలో 2023 అక్టోబరులో అట్టహాసంగా మొదలుపెట్టిన అల్పాహార పథకం కొద్ది బడుల దగ్గరే నిలిచిపోయింది. తమిళనాడు 2022లో ప్రాథమిక పాఠశాలల్లో మొదలుపెట్టి, మరుసటి ఏడాదికల్లా రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నింటికీ విస్తరించింది. వాళ్లకు సాధ్యమైంది మనకెందుకు కాలేదు? ఆంధ్రప్రదేశ్ బడి భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టుకుంది. వేళ కాని వేళ గడప తొక్కినవాళ్లకూ వండి వడ్డించిన తల్లి ఆమె. ఆమె పేరున్న బడిలో పొద్దున్నే ఆకలితో వచ్చిన పిల్లకు మధ్యాహ్నం దాకా ఆగమని ఏ ముఖంతో చెబుతాం?

నిధులు చాలవని, ఉదయం తిండి పెట్టే బాధ్యత తల్లిదండ్రులదేనని అనేవాళ్లున్నారు. నిధుల ఇబ్బంది నిజమే కావచ్చు. కానీ ఆ పిల్లను పొద్దున్నే బడికి రమ్మన్నది తల్లి కాదు, ప్రభుత్వం. రమ్మన్నవాళ్లే తిండి పెట్టాలి. 2025లో తెలంగాణలో ప్రత్యేక తరగతుల స్నాక్స్‌కు ఒక్కొక్కరికి రోజుకు 15 రూపాయలు ఇచ్చారు, అదీ సాయంత్రానికి, పరీక్షల ముందు కొద్ది రోజులకు. కాసిన్ని ఉడికించిన శనగలో, పల్లీలూ బెల్లమో చేతిలో పెట్టడానికి సరిపోయే డబ్బు అది. ఆ పాటి ఖర్చు ఉదయం తరగతులకు ఎందుకు పెట్టరు?

ఫలితాలు వచ్చిన రోజు ఏ జిల్లాకు మొదటి స్థానం, ఏ జిల్లాకు చివరి స్థానం అని ప్రకటిస్తారు. మంచి ఫలితం వస్తే మంత్రులు, అధికారులు తమ ఘనతగా చెప్పుకుంటారు. చెడ్డదైతే టీచరుకు మెమో వెళుతుంది. ఆకలికి ఇంతవరకు ఎవరికీ మెమో ఇవ్వలేదు. ఇది కపటం, మరో మాట లేదు. చదువు కావాలంటారు, చదివే ఒళ్లు ఎలా ఉందో పట్టించుకోరు.

అధికారులకు ఒకటే చెబుతున్నాం. వచ్చే సమీక్షకు హెడ్మాస్టరును పిలిచే ముందు ఒక్క ఉదయం ముందు చెప్పకుండా ఏదైనా ప్రత్యేక తరగతికి వెళ్లండి. ఎంతమంది తిని వచ్చారో చేతులెత్తమని అడగండి. లేవని చేతులు లెక్కపెట్టుకుని ఆ సంఖ్యను మీ ప్రణాళికలో మొదటి వరుసలో రాయండి. అది రాసే ధైర్యం లేకపోతే నూరు శాతం ఏదని టీచర్లను నిలదీయడం మానుకోండి.