తోడేలు పోయింది, తోడేలు బొమ్మ మిగిలింది

1817లో జపాన్‌లోని నగోయా నగరంలో ఒక బౌద్ధాలయం ఆవరణలో హొకుసాయ్ అనే చిత్రకారుడు 120 తతామి చాపలంత కాగితం పరిచి, జనం చూస్తుండగా సిరాతో జెన్ బౌద్ధానికి ఆద్యుడిగా చెప్పే బోధిధర్ముడిని గీశాడు. చీపురంత కుంచె, తొట్ల కొద్దీ సిరా. గీసింది పూర్తిగా కనబడాలంటే తాళ్లతో పైకి లాగాల్సి వచ్చింది. ఇవాళ వేదిక మీద డప్పుల మోత మధ్య పులినో కొంగనో గీసి, భక్తిని, అంతరించిపోతున్న జంతువులను కలిపి మాట్లాడే సిరా ప్రదర్శనలకు ఆయనే ముత్తాత.

కాగితం సిరాను తాగేస్తుంది కాబట్టి దిద్దుకోవడం కుదరదు. అంతరించిన జాతీ అలాగే తిరిగి రాదని వ్యాఖ్యాత అనగానే చప్పట్లు మోగుతాయి. సులువుగా దొరికే పోలిక అది. నాకు మాత్రం సిరా ముద్ద దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. జపాన్‌లో తయారయ్యే సిరాలో అత్యధిక భాగం నారా పట్టణానిది. నూనె దీపాల మసిని, జంతు చర్మాలను ఉడికించి తీసిన జిగురుతో కలిపి పిసుకుతారు. ఎండాకాలంలో జిగురు కుళ్లిపోతుంది కనుక ఆ పని చలికాలానిదే. కుంచెలో ఉండేవి మేక, గుర్రం వంటి వాటి వెంట్రుకలు. చైనాలో ‘తోడేలు వెంట్రుక’ అని పేరున్న కుంచె ఒకటుంది. అందులో తోడేలుది ఒక్క పోగూ ఉండదు, ఉన్నదంతా ముంగిసను పోలిన వీజిల్ తోక వెంట్రుకే. జంతువుల మీద జాలితో గీసే బొమ్మకు కూడా జంతువు ఒళ్లు కావాలి. దాన్ని తప్పనను గానీ, వేదిక మీద ఆ మాట ఒక్కరైనా చెబితే వినాలనుంది.

ఇక భక్తి సంగతి. టోక్యోకు వాయవ్యంగా చిచిబు కొండల్లో జపాన్ సంప్రదాయ మతమైన షింటోకు చెందిన మిత్సుమినె అనే ఆలయం ఉంది. అక్కడ ద్వారం ముందు కాపలా కాసేవి సింహాలు కావు, తోడేళ్లు. అడవి పందులు, జింకలు పంట మేయకుండా, ఇంట్లో దొంగలు పడకుండా తోడేలు కాపాడుతుందని రైతులు దాని బొమ్మ ముద్రించిన రక్షరేకులు తీసుకెళ్లేవారు. పంట విషయంలో అది మూఢనమ్మకం కూడా కాదు, అడవిలో తోడేలు చేసే పనే అది. కానీ 19వ శతాబ్దంలో కలరా వచ్చినప్పుడు తోడేలు పుర్రె రోగాన్ని తరుముతుందన్న నమ్మకం ముదిరింది. మొక్కిన చేతులే పుర్రెలు వెతికాయి. రేబిస్, తుపాకులు, అడవుల నరికివేత మిగతా పని పూర్తి చేశాయి. జపాన్ తోడేలు చివరిసారి 1905లో నారా ప్రాంతంలోని హిగాషి యోషినోలో, అదీ కళేబరంగా, చిక్కింది. మిత్సుమినెలో ఈనాటికీ తోడేలు రక్షరేకులు ఇస్తున్నారు.

అదే నారాలో, కసుగా ఆలయ దేవుడు తెల్ల జింక నెక్కి వచ్చాడని కథ. ఇక్కడ భక్తి మరో దారి పట్టింది. ఆలయం వెనుక కొండ మీద వేట, చెట్ల నరికివేత 841లోనే నిషేధించారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆకలికి జింకలు వందలోపుకు పడిపోయినా, ఇప్పుడు వెయ్యి దాటాయి. చుట్టుపక్కల జింకల్లో కనిపించని జన్యు వంశం ఒకటి వాటిలో వెయ్యేళ్లకు పైగా నిలిచిందని 2023లో వచ్చిన పరిశోధన తేల్చింది. తోడేలుకు దక్కింది రక్షరేకు. జింకకు కొండ దక్కింది.

మనమూ దీనికి దూరంగా లేము. లేపాక్షిలో జటాయువు పేరు చెప్పుకుని పెద్ద విగ్రహమే నిలిపాం. ఈలోగా 1990ల నుంచి మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి మూత్రపిండాలను దెబ్బతీసింది. పశువైద్యంలో దాన్ని 2006లో నిషేధించేసరికి ఆకాశం దాదాపు ఖాళీ. తెలంగాణలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట కొండచరియ మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్న సంగతి 2013లో బయటపడింది. లేపాక్షి విగ్రహం ముందు ఫోటో దిగేవారిలో ఆ గుట్ట పేరు ఎందరు విన్నారో! ఎవరైనా చిత్రకారుడు మన ఊళ్లోనూ కాగితం పరిచి జటాయువును గీస్తానంటే, నేను ముందు వరుసలో కూర్చుని రెక్కలకన్నా ముందు ఆ చరియ గీయమంటాను.