గట్టెక్కించే గట్ గురువులు

తెలుగు భాషలో అత్యంత లాభసాటి మాట ఏదని అడిగితే పండితులు ఏమంటారో గానీ, కొండాపూర్‌లో మాత్రం అది 'కాబట్టి'. అనుమానముంటే ఏ గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లోనైనా ఆదివారం పొద్దున జరిగే గట్ హెల్త్ సెషన్‌లో కూర్చోండి. మొదటి స్లైడు: 'మన ఒంట్లోని సెరొటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుంది.' అక్షరాలా నిజం. రెండో స్లైడు: 'సెరొటోనిన్ ఆనందాన్నిచ్చే హార్మోన్.' పోనీ, పావలా నిజం. మూడో స్లైడు: 'కాబట్టి మీ ఆనందం మీ పేగుల్లోనే ఉంది.' నాలుగో స్లైడులో క్యూఆర్ కోడు.

ఐదో స్లైడు ఉండదు. గురువుగారు అరటిపండు పైకెత్తుతారు. ముందు వరుస హారతి కళ్లకద్దుకునే భంగిమలోకి వస్తుంది. 'ఇందులో ట్రిప్టోఫాన్ ఉంది. దాన్నుంచే సెరొటోనిన్. కాబట్టి...'

కాస్త లెక్క చూద్దాం. ట్రిప్టోఫాన్ అంటే ప్రొటీన్లలో ఉండే ఒక అమైనో ఆమ్లం. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 4 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 60 కిలోల మనిషికి 240. ఒక అరటిపండులో ఉండేది సుమారు 10. అంటే ఆనందం కోసం రోజూ రెండు డజన్లు మింగాలి. అదే 50 గ్రాముల కందిపప్పులో 100 దాకా ఉంటుంది, ఒక కోడిగుడ్డులో 80, పావు లీటరు పాలల్లో ఇంకో 100. పప్పన్నం, పెరుగన్నం, ఒక గుడ్డు ఉన్న ఇంట్లో కోటా పూర్తయిపోయినట్టే. 'పప్పు తినండి' అని చెప్పడానికి ప్రొజెక్టరు అద్దెకు తెస్తే గిట్టుబాటు కాదు, అది వేరే సంగతి.

అరటిపండులో తయారైన సెరొటోనిన్ కూడా ఉంటుందండోయ్. అది చేరేది మెదడుకు కాదు. ముక్కలై మూత్రంలోకి పోతుంది. అందుకే సెరొటోనిన్‌ను విపరీతంగా చేసే కార్సినాయిడ్ కణితి అనుమానంతో 24 గంటల మూత్రం పట్టి పరీక్షించేటప్పుడు, రెండు మూడు రోజుల ముందు నుంచే అరటిపండు, అనాస, ఆక్రోటు మానెయ్యమంటారు. గురువుగారు పైకెత్తిన ఆనందం అసలు అడ్రసు ల్యాబులో డబ్బాల మీద లేబుళ్లు అంటించే కుర్రాడికి తెలుసు.

వెనక వరుసలోంచి ఒక అంకుల్ లేస్తారు. ప్రతి సెషన్‌లోనూ ఒకరు లేస్తారు, వారి వల్లే దేశం నిలబడుతోంది.

'గది పేగులకెల్లి మెదడుకెట్ల పోతది సార్?'

'గట్-బ్రెయిన్ యాక్సిస్ ద్వారా, అంకుల్.'

'గదేడుంటది?'

'మియాపూర్ నుంచి ఎల్బీ నగర్‌కి మెట్రో లైన్ ఉంది కదా అంకుల్, అలాగే.'

చప్పట్లు. అంకుల్ కూర్చుంటారు. పాపం, ఆయన అడిగిందే సరైన ప్రశ్న. ఆ లైనులో సెరొటోనిన్‌కు టికెట్టే ఇవ్వరు. రక్తానికీ మెదడుకూ మధ్యనున్న గోడ దాన్ని దాటనివ్వదు. వేగస్ నరం పేగుల కబుర్లు మెదడుకు మోస్తుంది, నిజమే. కబుర్లు మోస్తుంది, సరుకు కాదు. మెదడు తనక్కావలసిన సెరొటోనిన్‌ను తనే చేసుకుంటుంది. దానికి కావలసిన ట్రిప్టోఫాన్ మాత్రం గోడలోని ఒకే ద్వారం గుండా దూరాలి. అదే ద్వారం దగ్గర ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్, టైరోసిన్, ఫినైల్ అలనిన్ లాంటి సాటి అమైనో ఆమ్లాలు తొమ్మిదింటి అమీర్‌పేట స్టేషన్‌లా తోసుకుంటూ ఉంటాయి. తిండిలో అందరికన్నా తక్కువగా ఉండేది ట్రిప్టోఫానే. కాబట్టి (ఈసారి న్యాయంగానే వాడుతున్నా) ప్రొటీన్ పొడి డబ్బాలకు డబ్బాలు తాగితే దానికి దారి ఇంకా ఇరుకవుతుంది.

మరి పేగుల్లోని ఆ 90 శాతం ఏం చేస్తుంది? పేగును కదిలిస్తుంది. మరీ ఎక్కువైతే మనిషిని కూడా కదిలిస్తుంది, బాత్రూమ్ వైపు. వాంతులకు ప్రతి ఇంట్లో వాడే ఆండాన్‌సెట్రాన్ ఆపేది ఆ సెరొటోనిన్ పంపే సందేశాన్నే. గురువుగారి భాషలో అది ఆనంద నిరోధక సిరప్పు.

తిన్న ట్రిప్టోఫాన్‌లో సెరొటోనిన్‌గా మారేది ఏ ఒకటి రెండు శాతమో. సింహభాగం, సుమారు 95 శాతం, కైనురెనిన్ అనే వేరే పదార్థంగా మారే దారి పడుతుంది. కైనురెనిన్ అనే పేరుతో టీషర్టు అమ్ముడుపోదు కాబట్టి ఆ ఊసు ఏ స్లైడులోనూ రాదు. ఒంట్లో జబ్బు, వాపు ఉంటే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ ఆ గేటును ఇంకా బార్లా తెరుస్తుంది. ఆ దారి చివర తయారయ్యేది ఎన్‌ఏడీ, అంటే నియాసిన్ (బి3 విటమిన్) ఒంట్లో పనిచేసే రూపం. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఒక మిల్లీగ్రాము నియాసిన్‌కు సమానం.

ఈ లెక్క అవసరం ఈ ఊరికి ఎలా పడిందో తెలుసుకోవాలంటే తార్నాక వెళ్లాలి. 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. దక్కన్‌లో జొన్న తిని బతికే పేదలకు నియాసిన్ లోపంతో వచ్చే పెలాగ్రా జబ్బు ఎందుకొస్తోందని అక్కడి శాస్త్రవేత్త గోపాలన్ బృందం వెతికింది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు రాలడం, విరేచనాలు, నిద్రలేమి, మనసు కుంగడం, చివరకు మతి తప్పడం. జొన్నలో మితిమీరిన ల్యూసిన్ ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారకుండా అడ్డుపడుతోందని 1960లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. దానిమీద ప్రయోగశాలలు చాలాకాలం కొట్లాడుకున్నాయి, బి6 విటమిన్ పాత్ర కూడా బయటపడింది. జొన్నరొట్టె పక్కన పప్పూ పెరుగూ ఉంటే ఏ గొడవా లేదు. కూలివాడికి ఆ పక్కన ఏమీ లేకపోవడమే గొడవ. ఇవాళ అదే జొన్న జూబ్లీహిల్స్‌లో 'మూడ్ బౌల్'.

ట్రిప్టోఫాన్‌లో పేగు సూక్ష్మజీవులకు దక్కేది మిగులే. లాక్టోబాసిల్లస్ రూటెరి అనే బాక్టీరియా దాన్నుంచి చేసే ఇండోల్ ఆల్డిహైడ్ పేగు గోడకు కాపలా పెంచుతుంది, ఎలుకల్లో బాగా చూశారు. ఎలుకకు పనిచేసింది మాదాపూర్ చేరేసరికి మనకే రాసిచ్చినట్టవుతుంది. ఈ.కోలై చేసే మామూలు ఇండోల్ కాలేయంలో ఇండాక్సిల్ సల్ఫేట్ అనే వ్యర్థమై మూత్రంలో పోతుంది. కిడ్నీలు చెడితే పోదు, పేరుకుపోతుంది. రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్‌ను పట్టుకు వేలాడుతుంది కాబట్టి డయాలిసిస్‌కూ సరిగ్గా లొంగదు. గురువుగారు అమ్మే పరీక్షల ప్యాకేజీలో మలం పంపితే వచ్చే రంగుల రిపోర్టులో ఇవేవీ ఉండవు. బాక్టీరియా పేర్లుంటాయి, పక్కన 'మంచి', 'చెడ్డ' అని కాండక్ట్ సర్టిఫికెట్లు. అవి లోపల ఏం వండుతున్నాయో రాయరు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఆ ప్యాకేజీలోనే 'రక్తంలో సెరొటోనిన్' పరీక్ష ఒకటుంది, అక్కడ నవ్వు రాదు. రక్తంలో సెరొటోనిన్ దాదాపు అంతా ప్లేట్‌లెట్లలో ఉంటుంది. అవి దాన్ని తయారు చేసుకోలేవు, బయటి నుంచి పీల్చుకుంటాయి. డిప్రెషన్‌కు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మాత్ర ఆ పీల్చే ద్వారాన్నే మూస్తుంది. మాత్ర వేసుకునే మనిషి రక్తంలో సెరొటోనిన్ పడిపోవడం మందు తన పని తాను చేస్తోందనడానికి గుర్తు. దాన్ని ఎర్ర రంగులో చూపించి, 'మీ సెరొటోనిన్ అడుగంటింది, కాబట్టి ఆ కెమికల్ మానేసి మా క్యాప్సూల్ వాడండి' అంటున్నారు. ఎంత పొగరు ఇది! ఆరు నెలలు కష్టపడి మంచం దిగిన పిల్లను మళ్లీ మంచమెక్కించే మాట ఇది. హఠాత్తుగా మానేస్తే తల తిరుగుతుంది, ఒంట్లో కరెంటు కొట్టినట్టుంటుంది, జబ్బు తిరగబెడుతుంది. మానకుండా మాత్ర మీదే 5-హెచ్‌టీపీ (ఒంట్లో సెరొటోనిన్‌గా మారే పదార్థం) క్యాప్సూల్ కలిపితే సెరొటోనిన్ మితిమీరి వణుకు, జ్వరం, కండరాల బిగుతుతో ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సి రావచ్చు. అక్కడ డ్యూటీ డాక్టరు మొదట అడిగేది 'ఏం మందులు వాడుతున్నారు?' అని. ఇంట్లోవాళ్లు మాత్ర పేరు చెబుతారు. క్యాప్సూల్ సంగతి చెప్పరు. అది మందు కాదని క్లబ్‌హౌస్‌లో చెప్పారు మరి.