నాలుగు వైఫై కెమెరాలతో ఇల్లు భద్రమవుతుందా?

‘ఇంటి భద్రతకు ఎవరినీ పిలవనక్కరలేదు. నాలుగు వైఫై కెమెరాలు, ఒక స్మార్ట్ తాళం, ఫోన్‌లో ఒక యాప్ ఉంటే గంటలో పని పూర్తవుతుంది. సెన్సర్లన్నిటినీ కలిపి నడిపే హబ్‌లు, తీగలు, సైరన్లు పాతకాలపు సరంజామా. మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణపు గుర్తు చూసి కొంటే ఏదైనా దేనితోనైనా కలిసిపోతుంది. వీడియో క్లౌడ్‌లో ఉంటుంది కాబట్టి దొంగ దాన్ని చెరపలేడు. మామూలు ఇంటి కెమెరాను హ్యాక్ చేసే తీరిక ఎవరికీ ఉండదు. ఒకసారి కొంటే ఆపైన ఖర్చూ లేదు, పనీ లేదు.’ ఈ సారాంశంతో ఒక సందేశం చాలాకాలంగా ఫోన్ల మధ్య తిరుగుతోంది. పంపేవారు మంచి మనసుతోనే పంపుతున్నారు గాని, నమ్మి ఆచరించినవారికి దానివల్ల నష్టం జరిగే వీలుంది కనుక ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలించడం అవసరమనిపించింది.

మొదటి వాక్యంతో నాకు పేచీ లేదు. స్క్రూడ్రైవరు పట్టుకోవడం, రూటర్ సెట్టింగుల పేజీ తెరవడం వచ్చినవారెవరైనా ఇంటి అలారాన్ని సొంతంగా అమర్చుకోగలరు. పైగా స్వయంగా బిగించుకున్నవారికి ఏ సెన్సర్ ఎక్కడుందో, ఏ బ్యాటరీ ఎప్పుడు మార్చారో గుర్తుంటుంది. నా అభ్యంతరమంతా మిగతా వాక్యాల గురించే. అన్నీ సవ్యంగా నడుస్తున్న రోజును మనసులో పెట్టుకుని రాసిన మాటలవి. భద్రతా వ్యవస్థను ఎంచుకునేటప్పుడు చూడవలసింది మాత్రం కరెంటు పోయిన రాత్రి, నెట్ ఆగిన గంటలో, తయారీదారు సర్వర్లు మూసేసిన నెలలో అది ఏం చేస్తుందన్నది.

కెమెరాలు చాలు అన్న మాటతో మొదలుపెడదాం. కెమెరా జరిగినదాన్ని చూసి దాచుకుంటుంది. తలుపు తెరిచినవాణ్ణి వెనక్కి పంపడం దానికి చేతకాదు. ఫోన్‌కు కబురు వస్తుంది కదా అంటారు. రాత్రి రెండు గంటలకు సైలెంట్‌లో పెట్టిన ఫోన్ తెర మీద ఆ కబురు వెలిగి ఆరిపోతుంది. అంతకన్నా ముందే ఇంకో చిక్కు వస్తుంది. చీకటిలో చూడటానికి లెన్సు చుట్టూ పరారుణ దీపాలుంటాయి. వాటి దగ్గరికి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు చేరుతుంది. లెన్సుకు అంగుళం దూరంలో వేలాడే ఒక్క సాలెదారం ఆ కిరణాలకు తెల్లటి తాడులా మెరుస్తూ, గాలికి ఊగినప్పుడల్లా ‘కదలిక కనిపించింది’ అని ఫోన్‌ను మోగిస్తూనే ఉంటుంది. వారం రోజులు భరించినవారు ఎనిమిదో రోజు నోటిఫికేషన్లు ఆపేస్తారు. ఆ తరువాత కెమెరా ఉన్నా ఆ ఇంట్లో అలారం లేనట్టే.

బ్యాటరీతో నడిచే కెమెరాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బ్యాటరీ ఆదా కోసం అవి ఎప్పుడూ నిద్రలోనే ఉంటాయి. పీఐఆర్ సెన్సర్ లేపితేనే రికార్డింగు మొదలవుతుంది, ఈలోపు తొలి క్షణాలు జారిపోవచ్చు. పీఐఆర్ సెన్సర్ ఒంటి వేడి తన ఎదుట ఒక గడి నుంచి మరో గడికి జరగడాన్ని పసిగడుతుంది కాబట్టి, అడ్డంగా నడిచే మనిషిని తేలిగ్గా, నేరుగా తనవైపే వచ్చే మనిషిని ఆలస్యంగా గుర్తిస్తుంది. ఇంటికి వచ్చేవాడు మాత్రం సాధారణంగా నేరుగానే వస్తాడు. అందువల్ల దాన్ని గుమ్మానికి ఎదురుగా కాక, దారి దాని చూపును అడ్డంగా దాటేలా పక్కన బిగించాలి. కిటికీ అద్దం వెనుక పెడితే పీఐఆర్ పని చేయదు, ఎందుకంటే ఒంటి నుంచి వెలువడే పరారుణ కిరణాలను మామూలు గాజు ఆపేస్తుంది.

దీనికి భిన్నంగా, తలుపుకు పెట్టే చిన్న కాంటాక్ట్ సెన్సర్‌ను చూడండి. చట్రం మీద బిగించే పెట్టెలో గాజు గొట్టం, దానిలో ఎదురెదురుగా రెండు సన్నని లోహపు రేకులు ఉంటాయి. తలుపు మీది అయస్కాంతం దగ్గరుంటే రేకులు అంటుకుంటాయి, తలుపు తెరుచుకుంటే విడిపోతాయి. వానకు, సాలీడుకు, వాహనాల వెలుతురుకు అది మోసపోదు. తలుపు తెరుచుకుందన్న ఒక్క మాటే చెబుతుంది, దాన్ని ఖచ్చితంగా చెబుతుంది. ఇనుప తలుపైతే అయస్కాంత బలాన్ని ఇనుము కొంత లాగేసుకుంటుంది కనుక అడుగున ఒక ప్లాస్టిక్ ముక్క వేసి బిగించాలి. ఈ సెన్సర్‌కు ఇంటి లోపల మోగే గట్టి సైరన్‌ను జోడిస్తే, లోపల అడుగుపెట్టినవాడికి తన ఉనికి బయటపడిందని క్షణాల్లో తెలుస్తుంది. సందేశం పాతకాలపు సరంజామా అని తీసిపారేసిన వస్తువే అతడి చేతిలోని సమయాన్ని హరిస్తుంది. నా లెక్కలో కొనుగోలు వరుస ఇది: ముందు తలుపులకూ అందే ఎత్తులోని కిటికీలకూ కాంటాక్ట్ సెన్సర్లు, లోపలి నడవలో ఒక పీఐఆర్, ఒక సైరన్, కెమెరాలు ఆ తరువాత. స్మార్ట్ తాళం చివరన, అదీ మామూలు తాళంచెవితో కూడా తెరుచుకునే రకమైతేనే.

హబ్ అక్కరలేదు, అంతా వైఫై మీదే నడుస్తుందన్న వాదన వినడానికి సులువుగా ఉంటుంది. కానీ వైఫై బ్యాటరీని బాగా తాగుతుంది. రెండువందల పైచిలుకు మిల్లీ యాంపియర్ అవర్ల నాణెపు బ్యాటరీతో, తక్కువ కరెంటుతో హబ్‌తో మాట్లాడే జిగ్‌బీ అనే రేడియో పద్ధతి తలుపు సెన్సర్ ఏడాదికి పైగా నడవగలదు. దానికన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉంది. పాత పద్ధతి వైఫైలో ‘కనెక్షన్ వదిలేయి’ అని చెప్పే నియంత్రణ సంకేతాలకు, పంపినదెవరో రుజువు చేసే సంతకం ఉండదు. రూటర్ పేరుతో ఎవరో బయటి నుంచి అటువంటి సంకేతాన్ని పంపితే కెమెరా నిజమేననుకుని తప్పుకుంటుంది. 802.11డబ్ల్యూ అనే ప్రమాణం ఈ లోపాన్ని సరిచేసింది, వైఫై కొత్త భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3 దాన్ని తప్పనిసరి చేసింది. అయితే చౌక కెమెరాల్లో చాలావాటికి డబ్ల్యూపీఏ3 రాదు. జిగ్‌బీ సంకేతాన్ని కూడా అడ్డుకోవచ్చు కదా అంటే నిజమే, రేడియో ఏదైనా అడ్డుకోవచ్చు. తేడా ఎక్కడంటే, మంచి హబ్ తన సెన్సర్ల నుంచి నియమిత వ్యవధిలో ‘ఉన్నాను’ అన్న సంకేతం కోసం ఎదురుచూస్తుంది, అది రాకపోతే మనకు చెబుతుంది. వస్తువును ఎంచుకునేటప్పుడు పెట్టె మీది బొమ్మలకన్నా ఈ ఒక్క లక్షణం గురించి వాకబు చేయడం మేలు.

కదిలించనక్కరలేని కెమెరాలకైతే తీగే ఉత్తమం. 802.3ఏఎఫ్ ప్రమాణపు పీఓఈ స్విచ్ ఒకే నెట్‌వర్క్ కేబుల్ మీద 100 మీటర్ల వరకు డేటానూ, ఒక్కో పోర్టుకు 15.4 వాట్ల కరెంటునూ కలిపి పంపుతుంది. స్విచ్‌ను యూపీఎస్‌కు తగిలిస్తే కెమెరాలన్నిటికీ బ్యాటరీ ఇచ్చినట్టే.

హబ్ పెట్టుకుంటే ఇబ్బందులే ఉండవని నేను చెప్పను. జిగ్‌బీ కూడా వైఫై లాగా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పలుకుతుంది. మొదట్లో జిగ్‌బీ సంకేతాలను అందుకునే నా చిన్న డాంగిల్‌ను కంప్యూటర్ యూఎస్‌బీ 3 పోర్టులో నేరుగా గుచ్చాను. పక్క గదిలోని సెన్సర్లు రోజుకొకటి చొప్పున మాయమయ్యేవి. బ్యాటరీలు మార్చాను, సెన్సర్లు మార్చాను. చివరికి తేలిందేమిటంటే యూఎస్‌బీ 3 పోర్టు నుంచి వెలువడే రేడియో రొద సరిగ్గా ఆ పౌనఃపున్యం మీదే పడుతోంది. ఒక పొడిగింపు తీగతో డాంగిల్‌ను అర మీటరు అవతలికి జరిపాక ఆ బెడద పోయింది. వైఫై 1వ లేదా 6వ ఛానెల్‌లో ఉంటే జిగ్‌బీని 25వ ఛానెల్‌కు మార్చడం కూడా మేలు చేస్తుంది. జిగ్‌బీ లాంటిదే మరో రేడియో పద్ధతి జడ్‌వేవ్ ఈ రద్దీకి దూరంగా ఉంటుంది గాని, దాని పౌనఃపున్యం ప్రాంతాన్ని బట్టి మారుతుంది: ఐరోపాలో 868 మెగాహెర్ట్జ్, అమెరికాలో 908. ఒక చోట కొన్న వస్తువు మరో చోటి హబ్‌తో మాట్లాడదు.

మ్యాటర్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2022 అక్టోబరులో వచ్చిన తొలి వెర్షన్‌లో దీపాలు, ప్లగ్గులు, తాళాలు, సెన్సర్ల వంటివి ఉన్నాయి గాని కెమెరాలు లేవు. అవి చేరేసరికి 2025 వచ్చింది. గుర్తు ఉన్నంత మాత్రాన ఆ వస్తువులోని అన్ని సదుపాయాలూ మీ దగ్గరున్న యాప్‌లో కనిపిస్తాయన్న హామీ కూడా లేదు. కెమెరా కొనేటప్పుడు ఈనాటికీ వెతకవలసిన పేర్లు ఓఎన్‌వీఐఎఫ్, ఆర్‌టీఎస్‌పీ. ఆ రెండూ ఉంటే ఆ కెమెరాను ఏ రికార్డరుకైనా, హోమ్ అసిస్టెంట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుకైనా కలుపుకోవచ్చు.

ఇక క్లౌడ్. దొంగ కెమెరాను పీక్కుపోయినా వీడియో మిగులుతుందన్న మాటలో నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. అయితే ఆ వీడియో అక్కడికి చేరాలంటే నెట్ ఉండాలి. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున పంపే ఒక కెమెరా రోజుకు సుమారు 43 గిగాబైట్లు తయారుచేస్తుంది. నాలుగు కెమెరాలకు 16 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం రాత్రీపగలూ కావాలి. అందుకే చాలా క్లౌడ్ పథకాలు చిన్న చిన్న తునకలనే దాస్తాయి, మిగతాది పోతుంది. అదే 2 టెరాబైట్ల డిస్కు ఉన్న రికార్డరైతే నాలుగు కెమెరాల పూర్తి రికార్డింగును 11 రోజులకు పైగా ఉంచుకుంటుంది.

రెండో సంగతి, ఆ సర్వర్లు మనవి కావు. నెస్ట్ సంస్థ 2014లో కొనుగోలు చేసిన రివాల్వ్ హబ్‌లు 2016 మే నెలలో సర్వర్లు ఆపేయడంతో పనికిరాని పెట్టెలయ్యాయి. లోస్ సంస్థవారి స్మార్ట్ ఇంటి సేవ ఐరిస్ 2019 మార్చి 31న మూతపడింది. స్మార్ట్ దీపాలు, స్విచ్‌లు అమ్మే ఇన్‌స్టియాన్ సంస్థ క్లౌడ్ 2022 ఏప్రిల్‌లో ముందుగా చెప్పకుండానే ఆగిపోయింది. హబ్‌ను యాప్ ద్వారా నడుపుతున్నవారికి ఒక ఉదయం ఇంటి దీపాలు మాట వినలేదు. మూడోది గోప్యత: 2024 ఫిబ్రవరిలో వైజ్ కెమెరాల సేవ అంతరాయం తరువాత తిరిగి మొదలైనప్పుడు సుమారు 13,000 మంది వినియోగదారులకు ఇతరుల ఇళ్ల కెమెరా చిత్రాలు కనిపించాయి. ఇవన్నీ చూశాక నేను కుదుర్చుకున్న పద్ధతి ఒకటుంది. పూర్తి రికార్డింగు ఇంట్లోనే, సులభంగా కంటపడని చోట తాళం వేసిన అరలో ఉంటుంది; అలారం మోగినప్పటి తునక మాత్రం బయటికి వెళుతుంది. పడకగదిలో ఏ కెమెరా లేదు.

మన కెమెరాను ఎవరు హ్యాక్ చేస్తారన్న ప్రశ్నకు 2016లోనే జవాబు దొరికింది. మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్ ఇంటర్నెట్ అంతటా తనంతట తానే తిరుగుతూ, కార్ఖానాలో పెట్టిన పాస్‌వర్డును మార్చని కెమెరాలను, రికార్డర్లను వెతికి పట్టుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అటువంటి పరికరాల దండుతో వెబ్‌సైట్ల పేర్లను వాటి చిరునామాలకు కలిపే సేవ నడిపే డిన్ అనే సంస్థ మీద జరిగిన దాడికి ఎన్నో పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి. ఎవరికీ తీరిక అక్కరలేదు, యంత్రానికి ఎప్పుడూ తీరికే. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకే పాస్‌వర్డుతో ఇటువంటి వస్తువులను అమ్మడం చట్టవిరుద్ధం. రక్షణ కష్టమేమీ కాదు: పరికరాలు అడగగానే బయటికి దారి తెరిచే యూపీఎన్‌పీని రూటర్‌లో ఆపేయడం, కెమెరాకు బయటి నుంచి దారినిచ్చే పోర్టు తెరవకపోవడం, ఈ వస్తువులకు వేరే నెట్‌వర్క్ కేటాయించడం, బయటి నుంచి చూడాలంటే వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి రహస్య మార్గం) వాడటం, ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టడం.

సందేశం ప్రస్తావించకపోయినా ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఫోన్ ఇంటికి చేరువ కాగానే అలారం తనంతట తానే ఆగిపోయేలా చాలామంది ఆటోమేషన్ రాసుకుంటారు. ఫోన్ చూపే స్థానం వందల అడుగులు అటూ ఇటూ పోతుంటుంది. మనం పక్క వీధిలో ఉండగానే అలారం ఆగిపోవచ్చు. దీపాలు వెలిగించే పని ఆటోమేషన్‌కు నిశ్చింతగా అప్పగించండి, అలారం ఆపే పనికి మాత్రం పిన్ నంబరు ఉండనివ్వండి.

ఖర్చూ పనీ ఉండవన్న చివరి మాట పచ్చి అబద్ధం. నాణెపు బ్యాటరీలు, మెమొరీ కార్డులు అరుగుతాయి. సాఫ్ట్‌వేరు కొత్త వెర్షన్లు వేస్తూ ఉండాలి. యూపీఎస్ లెక్క కూడా వేసుకోవాలి. 12 వోల్టుల 7 యాంపియర్ అవర్ల బ్యాటరీలో 84 వాట్ అవర్లుంటాయి. రూటర్, హబ్ కలిసి 15 వాట్లు తింటే కాగితం మీద ఐదున్నర గంటలు, నష్టాలు పోగా అంతకన్నా తక్కువ.

అన్నీ బిగించాక ఇంట్లో మెయిన్ స్విచ్ దించి, అలారం ఆన్‌లో ఉంచి, వీధి తలుపు తెరిచి చూడాలి. నేను మొదటిసారి అలా చేసినప్పుడు సైరన్ మోగింది గాని ఫోన్‌కు ఏమీ రాలేదు. హబ్ యూపీఎస్ మీదే ఉంది, రూటరూ యూపీఎస్ మీదే ఉంది. గోడ మూలన ఇంటర్నెట్‌వాళ్లు బిగించిన ఫైబర్ పెట్టె మాత్రం మామూలు ప్లగ్గులో ఉంది. దాని సంగతే నాకు తోచలేదు. ఆ వైరును యూపీఎస్‌కు మార్చి మళ్లీ స్విచ్ దించి తలుపు తెరిస్తే, సైరన్ మోగుతుండగానే జేబులో ఫోన్ కూడా అదిరింది.