నది అంచు ట్రెక్‌కు ప్లాన్ వేస్తే తిరుగు దారి నుంచే వేయాలి

ఒక్కరోజు ట్రెక్‌కు వెళ్దామని నలుగురు అనుకోగానే వచ్చే మొదటి ప్రశ్న ‘అక్కడికి ఎంతసేపట్లో చేరతాం?’ అనే. ఫొటోలు చూస్తారు, కిలోమీటర్లు చూస్తారు, ఆదివారం ఖాయం చేసుకుంటారు. చాలా కొండలకు ఈ లెక్క ఎలాగోలా సరిపోతుంది. నది పక్కన గోడలా లేచిన కొండ అంచు చూడటానికి వెళ్లేటప్పుడు మాత్రం సరిపోదు. అక్కడ ముందు తేల్చుకోవాల్సింది ఎన్నింటికి వెనక్కి తిరగాలన్నది. బయలుదేరే టైమ్, మోయాల్సిన నీళ్లు, వెంట తీసుకెళ్లే మనుషులు, అన్నీ దాన్ని బట్టే తేలతాయి.

మామూలు కొండకు ఎక్కి వెళ్తాం, దిగి వస్తాం. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు ఎక్కడం, అలిసిపోయాక దిగడం. నదీ లోయల్లో చాలాచోట్ల ఈ వరస తారుమారవుతుంది. బండి ఆపే చోటు పైన ఉంటుంది, బాట నది వైపు దిగుతూ పోతుంది. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో బఫెలో నది ఉంది. 1972లో ఆ దేశం మొట్టమొదటి ‘నేషనల్ రివర్’గా ప్రకటించింది దాన్నే. ఆ నది మీద బిగ్ బ్లఫ్ అనే పెద్ద కొండగోడ నడుము మీదుగా గోట్ ట్రైల్ అనే సన్నటి బాట పోతుంది. పైన బాట మొదలయ్యే సెంటర్ పాయింట్ నుంచి అక్కడికి వెళ్లేవాళ్లు పొద్దున హాయిగా దిగుతారు, మధ్యాహ్నం ఎండలో ఎక్కుతారు. గ్రాండ్ కాన్యన్‌లోనైతే పై అంచు నుంచి కొలరాడో నది దాకా దిగి అదే రోజు తిరిగి ఎక్కాలని చూడొద్దని పార్కువాళ్లు బోర్డులు పెట్టి మరీ చెబుతారు. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి ఉంచుకోమంటారు. అక్కడ సౌత్ కైబాబ్ బాటలో పై నుంచి నదికి ఎత్తు తేడా సుమారు 1,450 మీటర్లు.

దిగడం సులువనిపించడమే అసలు చిక్కు. ఊపిరి ఎగపోయదు, మాటలు సాగుతూనే ఉంటాయి. కానీ ప్రతి అడుగులో ఒంటి బరువును ఆపుతున్నది తొడ ముందు కండరాలే. బరువును పట్టి ఉంచుతూనే అవి సాగాలి. కండరాన్ని ఎక్కువగా దెబ్బతీసే పని ఇదే. ఆ దెబ్బ అప్పటికప్పుడు తెలియదు, తిరిగి ఎక్కేటప్పుడు మోకాళ్ల దగ్గర వణుకుగా బయటపడుతుంది. ఓసారి మా గుంపులో ఒకాయన దిగినంతసేపూ అందరికంటే ముందే ఉన్నాడు. ఎక్కేటప్పుడు పది అడుగులకోసారి చెట్టు పట్టుకుని నిలబడ్డాడు. బూటు విప్పి చూస్తే రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి. లేసులు వదులుగా ఉండటంతో దిగినంతసేపూ పాదం ముందుకు జారి వేళ్లు బూటు కొసకు కొట్టుకున్నాయి. దిగడం మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం ఆగి, మడమ వెనక్కి ఆనించి, చీలమండ దగ్గర లేసు బిగించుకుని ఉంటే ఆ బాధ తప్పేది.

సమయం లెక్కకు పాత సూత్రం ఒకటుంది. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పింది. ఇప్పటి కొలతల్లో దాన్ని చదును నేల మీద 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఇంకో గంట అని చెప్పుకుంటారు. ఇందులో విశ్రాంతి లేదు, ఫొటోలు లేవు. నడక అలవాటున్న గట్టి మనిషి లెక్క ఇది. కొత్తవాళ్లుంటే సగం కలపాలని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. వెళ్లేటప్పుడు 8 కిలోమీటర్లలో 600 మీటర్లు దిగాలి, వచ్చేటప్పుడు అంతా ఎక్కాలి. సూత్రం ప్రకారం దిగడానికి గంటా ముప్పై ఆరు నిమిషాలు, ఎక్కడానికి రెండు గంటల ముప్పై ఆరు నిమిషాలు. సగం కలిపితే దాదాపు రెండున్నర గంటలు, నాలుగు గంటలు. సూర్యాస్తమయం 6 గంటలకు అనుకుంటే, గంట ముందే, అంటే 5 కల్లా బండి దగ్గర ఉండాలి. అప్పుడు 1 గంటకు వెనక్కి తిరగాలి. పొద్దున 7కు బయలుదేరినవాళ్లకు అంచు దగ్గర మూడున్నర గంటలు దొరుకుతాయి. తీరిగ్గా 10కి బయలుదేరినవాళ్లకు మిగిలేది అరగంట. అంత దూరం నడిచింది దేనికోసమో ఆ చూపుకే సమయం ఉండదు. ఆ అరగంటను గంటన్నర చేసుకున్నవాళ్లే చివరి ఎక్కుడు చీకటి పడుతుండగా ఎక్కుతారు. హెడ్‌ల్యాంప్ ఎలాగూ సంచిలో ఉండాల్సిందే. కానీ అది ఉంది కదా అని ఆలస్యం చేస్తే లాభం లేదు.

వెనుదిరిగే టైమ్‌ను ఇంట్లో కూర్చుని ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి. ‘ఇంకో వంపు తిరిగితే వచ్చేస్తుంది’ అనిపించే చోట ఎవరి బుర్రా సరిగ్గా పనిచేయదు. పైగా ‘వెళ్లిపోదాం’ అనే మొదటి మాట తన నోటి నుంచి రావడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకే ముందే ఒప్పందం ఉండాలి: ఎవరు అడిగినా కారణం అడక్కుండా అందరం తిరుగుతాం అని.

గుంపు విషయంలో ఒక అన్యాయం తరచూ చూస్తుంటాను. చురుగ్గా నడిచేవాళ్లు ముందు వెళ్లి బండ మీద కూర్చుంటారు. వెనకబడ్డ మనిషి ఆయాసపడుతూ అక్కడికి చేరగానే ‘వచ్చేశారుగా, పదండి’ అని లేస్తారు. వాళ్లకు పది నిమిషాల విశ్రాంతి, అవసరమున్న మనిషికి సున్నా. ఇలా నాలుగుసార్లు జరిగితే ఆ మనిషి కుప్పకూలడంలో వింతేముంది? నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు పెట్టి, వాళ్ల అడుగే అందరి అడుగు చేయాలి. విశ్రాంతి చివరి మనిషి కూర్చున్నాకే మొదలవ్వాలి.

నీళ్ల సంగతి ఇక్కడ మరీ విచిత్రం. నది రోజంతా కళ్లెదుటే ఉంటుంది, గలగల వినిపిస్తుంది కూడా. కానీ నిలువు గోడ మీద నిలబడ్డవాళ్లకు చుక్క అందదు. గంటకు అర లీటరు, మంచి ఎండలో ఎక్కుడైతే ఇంకా ఎక్కువ లెక్కేసుకుని మోసుకెళ్లాలి. అందులో సగం తిరుగు దారికి ఉందో లేదో అంచు దగ్గర చూసుకోవాలి. ఉప్పు తగిలే తిండి కూడా ఉండాలి. చెమట పోస్తున్నప్పుడు వట్టి నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. బాట నదిని తాకే చోట నీళ్లు పట్టుకుంటే కనీసం నిమిషం పాటు తెర్లనిచ్చి తాగాలి.

ఇక అసలు అంచు. అందాన్నీ ప్రమాదాన్నీ తెచ్చింది ఒకే నది. వంపు తిరిగే చోట ప్రవాహం బయటి ఒడ్డును బలంగా కొడుతుంది. అడుగున రాయి కోసుకుపోతుంది, పైన గట్టి పలక ముందుకు పొడుచుకుని మిగిలిపోతుంది. దాని మీద నిలబడ్డ మనిషికి కాళ్ల కింద ఎంత రాయి ఉందో, ఎంత ఖాళీ ఉందో కనిపించదు. అందుకే చేరడానికి ముందే, బాట పక్కకు తిరిగే చోట ఆగి అంచును పక్క నుంచి చూడాలి. అంచుకు సమాంతరంగా సన్నటి పగులు ఏదైనా కనిపిస్తే దానికి ఇవతలే ఆగిపోవాలి. బండ మీద చిన్న ఇసుక రేణువులు ఉంటాయి, ఎండలో కనిపించవు. అరచేతితో రాసి చూస్తే చేతికి అంటుకుంటాయి. బూటు అడుగున అవి గోళీల్లా దొర్లుతాయి. ఫొటో కోసం వెనక్కి అడుగు వేయడం ఎంత ప్రమాదమో అప్పుడు అర్థమవుతుంది.

లోయల్లో ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. సిగ్నల్ వెతుకుతూనే ఫోన్ ఛార్జింగ్ తినేస్తుంది. మ్యాప్ ముందే దించుకుని ఫ్లైట్ మోడ్‌లో పెడితే జీపీఎస్ పనిచేస్తుంది. ఇంట్లో ఒకరికి దారి పేరు, తిరిగొచ్చే టైమ్, ఎన్నింటి దాకా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కాగితం మీద రాసివ్వాలి.

వెనక్కి తిరగాల్సింది 1 గంటకైతే, ఆ ఫోన్‌లోనే పావుగంట ముందు, 12.45కు అలారం పెట్టుకోండి. అది మోగే దాకా ఎవరూ గడియారం చూడక్కర్లేదు, నదిని చూస్తూ కూర్చోవచ్చు. మోగాక లేసులు విప్పి మళ్లీ కట్టుకుని, నీళ్లు తాగి, నెమ్మదిగా నడిచే మనిషిని ముందుకు రమ్మని ఎక్కడం మొదలుపెట్టాలి.